కుట్టుమిషన్ పక్కన ల్యాప్‌టాప్ పరీక్ష

నరసరావుపేటలో ఇరమ్ ల్యాప్‌టాప్‌లు పరీక్షించి, వాటి మంచిచెడ్డలు యూట్యూబ్‌లో తెలుగులో చెబుతుంది. బరువైన పని పెడితే లోపలి ఫ్యాన్ ఎంత మోత చేస్తుందో రికార్డు చేయాలంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఉన్నదేమో ఒకటే గది. అందులోనే తల్లి షాహిదా కుట్టుమిషన్.

ఆ రోజు షాహిదా ఒక పెళ్లికూతురి జాకెట్టు కుడుతోంది. సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి.

"అమ్మీ, ఒక్క నిమిషం ఆపవా?"

"ఏందే నీ నిమిషాలు! ఆ పిల్ల జాకెట్టు లేకుండా పీటల మీద కూర్చోవాలా?"

తల్లి త్యాగమని ఎవరూ కళ్లు తుడుచుకోనక్కర్లేదు. షాహిదాకు నిజంగానే కోపం వచ్చింది. అయినా మిషన్ చక్రం మీద చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. తన ఊపిరి కూడా రికార్డవుతుందని ఆమె భయం.

ఆ బిగబట్టిన మొహం చూసి ఇరమ్‌కు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆమెను అలా ఆపి ఉంచడానికి మనసొప్పలేదు.

"నువ్వు కుట్టు అమ్మీ," అంది. మిషన్ నడుస్తుండగానే రికార్డు మొదలుపెట్టింది.

"మా అమ్మ కుట్టుమిషన్‌ను మించి వినపడుతోందండీ ఈ ఫ్యాన్. ఒకే గదిలో ఉండేవాళ్లు ఈ ల్యాప్‌టాప్ కొనకండి."

షాహిదా తలెత్తకుండానే అంది: "మిషన్‌కి నూనె వేసి చానా రోజులైంది. అది కూడా చెప్పు."