దుమ్ము లేపని బండి

మా ముత్తాతగారు ఏడు ఊళ్ళకు దేశ్‌ముఖ్. పల్లకీలో తిరిగారు. మా తాతగారు కొంతకాలం గుర్రం మీద, ఆ తరువాత జీపులో తిరిగారు. తహసీల్ కచేరీకి వెళితే ఆయనకు కుర్చీ వేసేవారు. వేసిన కుర్చీలో ఆయన కూర్చునేవారు కాదు. మా నాన్నగారు అంబాసిడర్‌తో సరిపెట్టుకున్నారు. నా వంతు వచ్చేసరికి సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు.

నేల పోయింది గాని నియమం పోలేదు. మా బండి ఎవరి మీదా దుమ్ము లేపకూడదు. తాతగారి జీపు వస్తుంటే దారిలో కోడి కూడా పక్కకు జరిగేది కాదంటారు. దండం పెట్టినవారి దగ్గర ఆగాలి, మంచిచెడ్డలు వినాలి. ఇంజన్ మాత్రం ఆపకూడదు. ఆపితే వారింట్లో చాయ్ తాగేదాకా కదలనివ్వరు. నేనూ అలాగే నడుపుతాను. కొత్వాల్‌గూడ పక్కన మా ఊరి నుంచి శంషాబాద్ మార్కెట్‌కు, మళ్ళీ ఇంటికి. రెండో గేరు దాటే అవసరం అరుదు.

దసరాకు వారం ముందు మీటరు పక్కన పసుపు దీపం వెలిగింది. పెట్టెలో నువ్వులు పోసినట్టు ఒక బొమ్మ. ఎత్తు ఎక్కేటప్పుడు బండి మూలగడం మొదలుపెట్టింది. దసరానాడు ఊరంతా జమ్మిచెట్టు దగ్గరకు కదిలితే అందరికన్నా ముందు మా బండి నడవాలి. మాకు మిగిలిన మర్యాద అదొక్కటే. ప్లాట్లు అమ్మి పైకొచ్చిన ఒకాయన కొత్త తెల్లకారుతో ఏటా మా వెనకే కాచుకుని ఉంటాడు. మా బండి ఆగితే ముందు ఆయనదే.

శంషాబాద్‌లో గ్యారేజీవాడు నాకన్నా చాలా చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది.

“సెన్సర్ ఖరాబైంది అన్నా” అన్నాడు. నన్ను దొరా అని పిలవమని నేనెవరినీ అడగను. అన్నా అనేసరికి మాత్రం నా వెన్ను ఇంకొంచెం నిటారుగా అయింది.

సెన్సర్ తుడిచాడు. దీపం ఆరలేదు. అప్పుడు స్టీరింగ్ కింద ఒక వైరు తగిలించి, చేతిలోని స్క్రీన్ చూశాడు.

“పొగ వోయే ఫిల్టర్ నిండ మసి ఉన్నదే. బండి జర గట్టిగ ఉరికితె గా వేడికి మసి కాలిపోతది. ఎంత స్పీడుల నడుపుతవ్?”

“పద్ధతిగా.”

“అంటే?”

పక్కనే ఉన్న మా ఆవిడది కృష్ణా జిల్లా. దాపరికం తెలియదు. “ఆయన్నడక్కు బాబూ. మొన్న మమ్మల్ని పెళ్ళి బరాత్ దాటిపోయింది” అంది.

“వాళ్ళు తొందరలో ఉన్నారు” అన్నాను.

డీజిల్‌లో కల్తీ జరిగి ఉంటుందని సూచించాను. “కల్తీ అయితె నీదొక్కటే ఎట్ల మూలుగుతదే? అన్ని బండ్లు మూలగాలె గద” అని నవ్వాడు. “ఇగ ఒకటే మందు. బెంగుళూరు రోడ్డెక్కి కొత్తూరు దాక కొట్టు. నాలుగో గేర్ల ఉంచు, మీటరు ముల్లు కిందికి దిగనియ్యకు. ఎవ్వరొచ్చినా ఆగకు.”

“ఎవరైనా దండం పెడితే?”

“హారన్ కొట్టు.”

హైవే ఎక్కాం. లారీలు మమ్మల్ని తిట్టుకుంటూ దాటిపోతున్నాయి. “ఇది ఊరేగింపు కాదండీ, రోడ్డు” అంది మా ఆవిడ. నాలుగో గేరు వేశాను. నా హయాంలో అది మొదటిసారి. బండి ఊగిపోయింది, ఆవిడ సీటు బెల్టు పట్టుకుని మహదానందంగా ముందుకు వంగింది.

పాల్మాకుల దగ్గర రోడ్డు పక్కన మట్టిలో, ఒకప్పుడు మా భూములు కౌలుకు చేసిన మా ఊరి ముసలాయన నిలబడి ఉన్నాడు. కారును గుర్తుపట్టి రెండు చేతులూ ఎత్తాడు. నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది.

“ఆపారంటే దసరా పోతుంది” అంది ఆవిడ.

ఆపలేదు. అద్దంలో చూస్తే దుమ్ములో ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

కొత్తూరు చేరేలోపు కాలిన వాసన ఒకటి వచ్చింది, దీపం ఆరిపోయింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు.

దసరానాడు మా బండే ముందు నడిచింది. డప్పుల వెనక, మనుషుల నడకకు సరిగ్గా. తెల్లకారాయన వెనకనుంచి రెండుసార్లు హారన్ కొట్టాడు, నేను వినలేదు. జమ్మి దగ్గర అందరూ ఆకులు పంచుకుంటున్నారు. ఆ ముసలాయన నా చేతిలో ఆకు పెట్టి, అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకుని, ఊరంతా వినేలా అడిగాడు.

“ఏంది దొరా, పాల్మాకుల కాడ దండం పెడితె ఆగకుంట పోతివి? నోట్లె ఇంత మన్ను వడ్డది. మీ తాత ఎన్నడన్న గట్ల పోయిండా?”

“బండికి ఫిల్టర్ నిండింది పెద్దయ్యా. గట్టిగా నడపమన్నారు.”

“ఫిల్టర్ గిల్టర్ నాకెర్కలే. నీ బండిల మసి నా మీద దులిపితివా?”

జనం గొల్లుమన్నారు. తెల్లకారాయన అందరికన్నా ఆలస్యంగా నవ్వి, అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు. నేను ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాను. తిరుగు దారిలో ఆయన్ను ముందు సీటులో కూర్చోబెట్టి, వాళ్ళ ఇంటి ముందు ఇంజన్ ఆపి, చాయ్ తాగి వచ్చాను.

“వారానికోసారి అలా కొత్తూరు దాకా వెళ్ళొస్తే దీపం గొడవ ఉండదుగా?” అంది ఇంటికొచ్చాక ఆవిడ.

“వారానికొకరి నోట్లో మన్ను కొట్టమంటావా?” అన్నాను.

కార్తీకం వచ్చేలోపు ఆ కారును మంఖాల్‌లో, రాత్రింబగళ్ళు హైవే మీదే ఎయిర్‌పోర్టు ట్యాక్సీలు ఉరికించే అతనికి అమ్మేశాం.