తేలిన నికెల్

ఆ ఇంట్లో ఇద్దరు డాక్టర్లు. మొగుడు పళ్ళ డాక్టరు, పెళ్ళాం రాళ్ళ డాక్టరు. ఆయన నిఖార్సయిన డాక్టరే. కింద గదిలో వాలు కుర్చీ, దాని మీద దీపం, పక్కన పటకార్లు ఉన్నాయి. ఆమెకు ఇంకా పట్టా రాలేదు, థీసిస్ రాస్తోంది. అయినా వీధిలో వాళ్ళంతా డాక్టరమ్మా అనే పిలిచేవాళ్ళు. మొదట్లో "ఇంకా కాలేదండీ" అని సరిదిద్దేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సరిదిద్దుకోవడమే ఎక్కువ సిగ్గనిపించి ఊరుకుంది. ఆమె అత్తగారిది ముక్కుసూటి నోరు. "ఒకరు పళ్ళు పీకుతారు, ఒకరు రాళ్ళు కొడతారు. వంట మాత్రం నా నెత్తిన పడింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. చెప్పుకుంటూనే కోడలి కోసం అన్నం వేడిగా మూతపెట్టి ఉంచేది.

డాక్టరమ్మ పరిశోధన భూమి పసిగుడ్డుగా ఉన్న కాలం గురించి. అప్పటి అగ్నిపర్వతాలు కక్కిన లావా ఇప్పటి లావా కంటే వేడిది, నీళ్ళలా పారేది. అందులోని నికెల్, రాగి గంధకంతో జతకడితే బరువెక్కి, లావా గడ్డకట్టేలోపే అడుక్కి దిగిపోతాయి. సున్నం నీళ్ళలో సున్నం అడుక్కి చేరినట్టే. కాబట్టి లోహం కావాలంటే లావా పొర అడుగున వెతకాలి. ఇది ఆ శాస్త్రంలో ఓనమాలు. అలాంటి పాత లావా ఉన్నచోట వేసిన బోర్లలోంచి కోసి తీసిన గుండ్రటి రాతి కడ్డీలు విశ్వవిద్యాలయం వెనక షెడ్డులో పెట్టెలనిండా వరసగా ఉన్నాయి. ఆమె వాటిని పెట్టె తర్వాత పెట్టె చూసుకుంటూ వచ్చింది. అన్నింట్లోనూ లోహం బుద్ధిగా అడుగునే ఉంది.

ఒక్క పెట్టెలో తప్ప. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు అందులో నికెల్ పైన ఉంది.

లావా పైభాగం ఏదో, కిందిభాగం ఏదో మామూలుగా అందులోని స్ఫటికాల తీరే చెప్పేస్తుంది. ఈ పెట్టెలో రాయి కాలం దెబ్బకి బలపంలా మెత్తబడి ఆ ఆనవాళ్ళన్నీ పోగొట్టుకుంది. పైనా కిందా అనేది పెట్టెలో సర్దిన వరసను బట్టి చెప్పుకోవాల్సిందే. ఆమె భయపడుతూ థీసిస్ రాయిస్తున్న గైడుగారికి చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అమ్మా, ఇది తేలిందే!" అన్నాడు. అంతవరకూ ఆమె పేరు కూడా తడుముకునే పెద్దమనిషి ఆ రోజు స్వయంగా కాఫీ తెప్పించాడు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక సిద్ధాంతం అల్లారు. లావాలో పుట్టిన ఆవిరి బుడగలు లోహపు బొట్లను పట్టుకుని పైకి మోసుకుపోయాయని. పెద్ద పత్రికలో వ్యాసం పడింది. గైడుగారిని సభలకు పిలిచారు, శాలువా కప్పారు. వాడుకలో ఆ సిద్ధాంతానికి 'తేలిన నికెల్' అని పేరు స్థిరపడింది. థీసిస్‌లో బుద్ధిగా అడుగున పడి ఉన్న నికెల్ అంతా ఎక్కడో మూలనున్న అధ్యాయంలోకి పోయింది. తేలింది మాత్రం నడిమధ్యన పీట వేసుకు కూర్చుంది.

థీసిస్ ఇంక అట్టవేయించడమే తరువాయి అనగా, మంచి ఫోటో ఒకటి కావాలని ఆమె షెడ్డుకు వెళ్ళింది. బోరులో దీనికి పైన వచ్చే పెట్టెలోని చివరి ముక్క, ఈ తేలిన పెట్టెలోని మొదటి ముక్క పక్కపక్కన పెట్టి తీద్దామనుకుంది. విరిగిన చోట రెండూ అతకాలి కదా. అతకలేదు. తిప్పి చూసింది, అటూ ఇటూ జరిపి చూసింది. చివరికి, ఊరికే, ఈ పెట్టెలోని ఆఖరి ముక్క తెచ్చి ఆనించింది. టక్కున అతుక్కుంది. గీత కూడా కనిపించలేదు.

ఆమె నేల మీదే కూలబడింది. అప్పుడు గుర్తొచ్చింది. పాత చెక్క పెట్టెలు చెదలు పట్టాయని ప్లాస్టిక్ పెట్టెల్లోకి కడ్డీలు మార్చింది తనే. ఉక్కపోత భరించలేక మధ్యలో బల్లకి అవతలివైపు, ఫ్యాను కిందకి మారి ఈ ఒక్క పెట్టె సర్దింది కూడా తనే. అటునుంచి చూస్తే తల తోక అవుతుంది, తోక తల అవుతుంది. కడ్డీల మీద పాత గుర్తులు చెరిగిపోయాయని కొత్త గుర్తులు పెట్టిన మహాతల్లీ తనే. లావా ఏమీ తేల్చలేదు. తేల్చింది ఫ్యాను గాలి.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"నేనూ ఒకసారి బాగున్న పన్ను పీకేశాను," అన్నాడు.

"ఎప్పుడండీ? నాకు చెప్పనేలేదే!"

"నీకు చెప్పలేదు కానీ ఆయనకి చెప్పేశాను. నోట్లో దూది ఉంది కాబట్టి ఏమీ అనలేకపోయాడు. ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. మరి ఆ చెడ్డ పన్ను అలాగే ఉండిపోయింది కదా!"

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. వాకిట్లోంచి అత్తగారు, "ఏం పోయిందే?" అని అడిగింది.

"రాయి తిరగేసి పెట్టానత్తయ్యా. ఇన్నేళ్ళ చదువూ దాని మీదే నిలబడింది."

"అయితే మళ్ళీ తిరగేసి పెట్టు. దానికి ఏడుపెందుకు?"

గైడుగారి గదిలో మాత్రం వ్యవహారం అంత తేలిగ్గా తెమలలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆయన. ఆమె తెచ్చిన ఫోటోలు బోర్లించి పెట్టి, తలుపు దగ్గరగా వేశాడు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా. ఆ షెడ్డులోకి ఎవరొస్తారు? ఆ ముక్కలెవరు అతికించి చూస్తారు?"

"నేను చూశాను కదండీ."

"చూశావులే. ఇప్పుడింకో సంగతి విను. మన వ్యాసం చదివాక తేలిన నికెల్ ఇంకా చాలాచోట్ల దొరికింది. నిన్ను పరీక్షించడానికి వచ్చే ఆయన రాళ్ళలో కూడా దొరికింది. నీ ఒక్క పెట్టె తిరగబడితే లోకం తిరగబడుతుందా? నీ థీసిస్ మాత్రం తిరిగొస్తుంది."

ఆ మాట ఉత్తి బెదిరింపు కాదని ఆమెకి తెలుసు. తిరిగొస్తే మళ్ళీ మొదటికి రావాలి, మళ్ళీ అంత వయసు తన దగ్గర లేదు. అయినా ఇంటికెళ్ళి నడిమధ్యనున్న అధ్యాయాన్ని పీకేసింది. దాని చోట, పెట్టె ఎలా తారుమారైందో, ఫ్యానుతో సహా రాసింది. ధైర్యంతో రాసిందని నేను చెప్పను. అతుక్కున్న ఆ రెండు ముక్కలూ కళ్ళు మూసినా కనిపిస్తున్నాయి, అందుకని రాసింది. గైడుగారు సంతకమైతే పెట్టాడు కానీ పెన్ను విసురుగా మూశాడు.

వైవా రోజు పరీక్షకుడు వచ్చాడు. నెరిసిన జుట్టు, మృదువైన గొంతు. ఆ అధ్యాయం దగ్గరికి రాగానే గైడుగారు కిటికీలోంచి చెట్లు చూడటం మొదలుపెట్టాడు.

"అంటే, మీ ప్రాంతంలో నికెల్ తేలలేదంటారు?" అన్నాడు పరీక్షకుడు.

"తేలలేదండీ. అడుగునే ఉంది."

"మా ప్రాంతంలో తేలింది మరి. మీ వ్యాసం చదివాకే కదా మేమూ చూసుకున్నాం!"

"ఆ వ్యాసమే తప్పండీ. పొరపాటు నాది."

ఆయన కాసేపు కాగితాలు తిరగేశాడు. తర్వాత ముఖం వికసించింది. ఇది చాలా విలువైన ఫలితమని, అంతటా రుజువైన తేలిన నికెల్ సిద్ధాంతానికి అరుదైన మినహాయింపు ఈ అమ్మాయి కనుక్కుందని తీర్పు చెప్పాడు. గైడుగారు కిటికీలోంచి వెనక్కి తిరిగి అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. అలా తను పుట్టించిన అబద్ధానికి తనే మినహాయింపై, డాక్టరమ్మ ఆ పూట నిజంగానే డాక్టరైంది. సంతోషించాలో తల బాదుకోవాలో తెలియక అందరికీ నమస్కారాలు పెట్టింది. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది.

అందరూ టీలకి వెళ్ళాక ఆమె వరండాలో బల్ల దగ్గర ఫైళ్ళు సర్దుకుంటోంది. పరీక్షకుడు వెనక్కి వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"అమ్మా, ఆ ముక్కలు... అతికించి ఎలా చూశారు? మా పెట్టెలు కూడా మధ్యలో ఒకసారి మార్చాం."

ఇందాకటి మంటంతా ఎటు పోయిందో పోయింది. ఈ పెద్దాయన వెళ్ళి ఒక షెడ్డులో నేల మీద కూలబడతాడని అనిపించి ఆమె గుండె కలుక్కుమంది. బల్ల మీది సుద్దముక్క తీసి ఫటుక్కున విరిచి, ఏ కొస ఏ కొసతో అతకాలో చూపించింది. ఆయన విద్యార్థిలా ఆ రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని, తనూ ఒకసారి ఆనించి చూసుకున్నాడు. టీ తాగకుండానే మెట్లు దిగుతుంటే ఆమె వెనకాలే వెళ్ళింది.

"సార్, వెళ్ళగానే పెట్టెలు తెరవకండి," అంది. "ముందు భోంచేయండి. తెరిచాక ముద్ద దిగదు."