తాడు రెండో కొస

సత్తిబాబు చేతులు విరగ్గొట్టాలని కాకినాడలో రాజమండ్రి బస్సెక్కాను. అంతకు ముందు వారం నేను గాలి సిలిండర్ కట్టుకుని గోదావరిలో వంతెన స్తంభం అడుగున పనిచేస్తుంటే, ఉన్నట్టుండి నీటి వడి పెరిగి నన్ను ఈడ్చుకుపోయింది. గాలి అయిపోవస్తోంది. పైకి లాగమని నడుముకున్న తాడును నాలుగుసార్లు గుంజాను. పడవలో రెండో కొస పట్టుకున్న సత్తిబాబు కదల్లేదు. చివరికి తాడు కోసుకుని ఎక్కడో దిగువన తేలాను. వాడు తాడు వదిలేసి బీడీ కాల్చుకుంటున్నాడని అందరికీ చెప్పాను.

పక్క సీటాయన ఒళ్లో గేదె కోసం కొన్న కొత్త నైలాన్ తాడు చుట్ట ఉంది. ఆయనకూ అదే చెప్పాను.

"వాడి చేతులు మళ్లీ తాడు పట్టకుండా చేస్తానండి."

"చేస్తే చేశారుగానీ, నా తాడు చిక్కు పెట్టకండి బాబూ."

ఆ రోజు ఎలా గుంజానో చూపిద్దామని అప్పటికే ఒక కొస ఆయన చేతికిచ్చి, రెండో కొస నాలుగుసార్లు గుంజాను.

"ఊఁ, లాగండి మరి," అన్నాడాయన.

"లాగానండీ. మీరే సరిగ్గా పట్టుకోలేదు."

"పట్టుకునే ఉన్నానండి. ఇదిగో."

ఆయన పిడికిలి బిగించే ఉంది. నేను గుంజినదంతా మధ్యలో చుట్టలే మింగేశాయి. ఆ రోజు, మెసలడానికి అడ్డొస్తోందని, తాడు బాగా వదులుగా ఇవ్వమని సత్తిబాబుతో చెప్పింది నేనే. ఆ వదులంతా ప్రవాహానికి విల్లులా వంగిపోయి ఉంటుంది.

ద్వారపూడిలో దిగి వెనక్కి వచ్చేశాను. సత్తిబాబును కొట్టలేదు. అన్న మాటా వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత అతని చేతికి ఎవరూ తాడివ్వలేదు.

అతను పట్టుకునే ఉన్నాడు.