ఏడో నంబరు పళ్లెం, మా ఆయన మగ్గం

దయ్యాలంటే నవ్వేదాన్ని. మా ఆయన ప్రాణం పోయిన గదిలోనే చాలా ఏళ్లు పడుకున్నాను, ఏమీ కాలేదు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే నా కూతురు సుజాత రాస్తోంది.

నగరిలో మా ఆయన మరమగ్గం నడిపేవాడు. దాని చక్రంలో ఒక పన్ను అరిగిపోయి, నాలుగు దెబ్బలు వేసి ఐదోది తప్పేది. వీధి వీధంతా మగ్గాలు మోగుతున్నా మాది ఏదో వంటింట్లోంచే చెప్పేదాన్ని. ఆయనకు మూర్ఛ. ఏళ్ల తరబడి ఒకటే మాత్ర. చివరికి కాలేయం చెడి చనిపోయాడు. మగ్గాన్ని పాత ఇనుముకు అమ్మేశాం. తర్వాత సుజాతకూ మూర్ఛ వచ్చింది. అదే మాత్ర రాశారు.

ఇప్పుడు తిరుపతిలో మందులు పరీక్షించే ల్యాబులో ఊడుస్తాను. చిన్న పళ్లేల్లో కాలేయ కణాలు పెంచి మందు వేస్తారు. కణంలో కొవ్వు చేరితే, వాళ్లు వేసిన రంగు దానికి పట్టి చీకటి గదిలో ఆకుపచ్చగా వెలుగుతుంది. ఏ పళ్లెంలో ఏ మందుందో, వాటిని పరీక్షించే మేడంకు కూడా చెప్పరు. పళ్లెం మీద నంబరే ఉంటుంది, పేరు మడిచిన చీటీలో ఉంటుంది.

ఒక మధ్యాహ్నం నేను నేల తుడుస్తుంటే మేడం ఏడో పళ్లేన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. మగ్గం మోగింది. నాలుగు దెబ్బలు, ఐదోది లేదు.

“యాడో మగ్గం ఆడతా ఉండాది మేడం.”

“ఈడ మగ్గమేందక్కా, ఏసీ అది.”

ఏసీ ఆపేసింది. నాకు చప్పుడు వినబడుతూనే ఉంది. పళ్లెం తీసింది, చప్పుడు ఆగింది. ఎనిమిదోది పెట్టింది, ఏమీ లేదు. ఏడోదాంట్లోంచే వస్తోందని చెప్పాను.

“నీ ఏడో నంబర్లో కొవ్వే లేదు, సూడు” అని మేడం తెర మీద ఏడోదాని బొమ్మ చూపించి నవ్వింది. నిజమే, తెరంతా నల్లగా ఉంది.

మూడో రోజుకు ఆ ఏడో పళ్లెంలోనే ఎక్కడ చూసినా ఆకుపచ్చ చుక్కలు. చీటీ విప్పి మందు పేరు చదివారు. చదువు రాకపోయినా, మందుల షాపులో ఆ పేరు అడిగీ అడిగీ అరిగిన నోరు నాది. మా ఆయనదీ, సుజాతదీ అదే మాత్ర.

మరునాడే సుజాతను డాక్టరుకు చూపించాను. కాలేయానికి కొవ్వు పట్టింది, ముదరకముందే వచ్చారన్నాడు. మెల్లగా మాత్ర మార్చాడు.

ఆ మగ్గం ఆ గదిలోకి ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. వచ్చే వారం ఆ పళ్లేల్లో సుజాత కొత్త మాత్ర కూడా పెడతారట. నిలబడితే కూర్చోవాలని, కూర్చుంటే లేవాలని ఉంది. ఆ రోజు పనికి పోనని అన్నాను.

సుజాత పెన్ను ఆపి నా వైపు చూసింది.

“పో మా. పోయి ఇనుకోని రా.”