నేలపడ్డ ఎముక

డాక్టరమ్మ పోయారని అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ వచ్చింది. కుడికాలు కింది మెట్టు మీద, ఎడమకాలు పై మెట్టు మీద. అలాగే ఆగిపోయాను. వెనకవాళ్లు గొణుక్కుంటూ తోసుకుపోయారు. ఆ కుడికాలిని నిలబెట్టింది ఆమే. నా శనివారం ప్రవచనాలకు వచ్చే మీరు ఆమెను ఎప్పుడూ చూడలేదు, కానీ ఆమెను తలుచుకుని ఒకసారి నవ్వారు. నవ్వించింది నేను.

సనత్‌నగర్‌లో బండి మీద నుంచి పడితే మోకాలి కింది ఎముక విరిగింది. నెలలు గడిచినా అతకలేదు. పంజగుట్టలో ఈ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. గుంటూరు వైపు మనిషి. రోగిని గుమ్మం నుంచి కిటికీ దాకా నడిపించి, తాను వెనక నిలబడి చూసేవారు.

"ముఖం బాగానే ఉందంటుంది స్వామిగారూ. కాలు అబద్ధం ఆడదు," అనేవారు.

తుంటి నుంచి చిన్న ఎముక ముక్క తీసి విరిగినచోట సందులో పెడతానన్నారు. ఆపరేషన్ రోజు నడుముకు సూది వేశారు. నడుము కింద మొద్దు, పైన తెలివి. భయంతో స్తోత్రం అందుకున్నాను. నా గొంతు మీకు తెలియనిదా! ముక్క తీసి నర్సు చేతికి అందించే క్షణాన "నారాయణా!" అని పిడుగు పడ్డట్టు అరిచాను. నర్సు ఉలిక్కిపడింది. ఏదో నేలమీద టక్కుమంది.

"ఏం పడ్డది?"

"మీ ఎముకేనండి." తెర అవతల డాక్టరమ్మ గొంతు.

"మైలైంది! ఉన్నదాంట్ల ఘాటు మందు తీసి దాంట్ల నానబెట్టుర్రి!"

"నానబెడితే క్రిమి చస్తుంది, ఎముకలో జీవమూ చస్తుంది. కాలిలో శుభ్రమైన రాయి మిగులుతుంది. కావాలా?"

వద్దన్నాను. అయోడిన్ మందును పలచన చేయించి, ముక్కను కాసేపే అందులో ఉంచి, సెలైన్‌తో కడిగించారు. "ఇంకోసారి... మళ్లీ ఇంకోసారి." ఆ మాటలు ఇప్పటికీ వినబడుతున్నాయి.

మర్నాడు ఆమే వచ్చి చెప్పారు. "ముక్క నేలమీద పడింది, కడిగి పెట్టాను. క్రిమి మిగిలుంటే మళ్లీ తెరవాలి. అతుకుతుందనే అనుకుంటున్నాను, మాట మాత్రం ఇవ్వలేను." నా తలగడ పక్కన పురాణం చూసి, "దేవతలకు ఎముకలిచ్చిన ఋషి కథ ఇందులో ఉందా? అవి ఆయుధం ఎలా అయ్యాయండి?" అన్నారు.

"తపస్సు నిండినయి కాబట్టి."

"మరి దేవతలు ముందు వాటిని ఘాటు మందులో నానబెట్టుంటేనో?"

ఎన్నో ఏళ్లుగా ఆ కథ చెబుతున్నవాణ్ణి. పురాణం తీసి తలగడ కింద పెట్టుకున్నాను.

చంకలో కర్రలతో మైకు ముందుకొచ్చిన మొదటి శనివారం మీకు గుర్తుండే ఉంటుంది. "కింద పడ్డ బొక్కను కడిగి పెట్టిర్రు భాయ్! గీ డాక్టర్లను నమ్ముకుంటే గంతే!" హాలు గొల్లుమంది. అరిచింది నేనేనన్న మాట మింగేశాను. ఎవరో ఫోన్‌లో తీశారు. అది ఆస్పత్రి దాకా పోయింది. ఆమెను పిలిచి సంజాయిషీ అడిగారు.

తరువాత చూపించుకోవడానికి పోతే, "మీ ప్రవచనం విన్నానండి. గొంతు బాగుంది," అన్నారు.

"జర ఎక్కువైనట్టుంది, డాక్టరమ్మా."

"ఘాటు ఎక్కువైంది. కాస్త నీళ్లు కలపాల్సింది." అంటూనే ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, తన కాలే బాగైనట్టు మురిసిపోయారు. "అతుకుతోందండి!"

క్షమించమనడానికి అంతకన్నా మంచి గడియ ఉంటుందా? నేను ఎక్స్‌రే సంచిలో పెట్టుకుని వచ్చేశాను. పరనింద మహాపాపమని పురాణం తెరిచి మీ మీద ఎన్నిసార్లు నిప్పులు కురిపించానో. ఆ పుట నాకు తప్ప అందరికీ రాసిందనుకున్నాను.

మొన్న ఆ ఫోన్ వచ్చాక పంజగుట్టలో డాక్టరమ్మ ఇంటికి పోయాను. ఆనాటి నర్సు గుమ్మం దగ్గర గుర్తుపట్టింది.

"స్వామీ, అరిసింది మీరని మేడం ఎవ్వరికి చెప్పలే. నన్ను సుత చెప్పనియ్యలే. 'భయపడ్డ మనిషి అరుస్తాడు, అందులో నేరమేముంది' అన్నరు."

వచ్చే శనివారం అదే హాల్లో, అదే మైకులో ఈ మాట చెబుతాను. ఆనాడు నవ్వినవాళ్లంతా రండి. ఆమె వినరు. ఆ సంగతి తెలిసే చెబుతున్నాను.

మొన్న ఆ ఇంట్లో ఆమెను కిటికీ కింద పడుకోబెట్టారు. పూలు పెట్టి లేచాను. ఎవరికీ ముఖం చూపలేక తల వంచుకుని గుమ్మం వైపు నడిచాను. ఆమె ఎప్పటిలాగే నా వెనక ఉన్నారు.

కాలు కుంటలేదు.