యాటకెళ్లిన మనిషి

నేను ఉద్యోగం చేసిన సముద్రపు ఊరు బొంబాయంత ఉంటుందని వరంగల్‌లో చాలామందికి చెప్పాను. అబద్ధం. మన మరిపెడను తీసుకెళ్లి ఒడ్డున పెడితే అంతే ఉంటుంది. తూర్పున సముద్రం, పడమట ఉప్పు మడులు, నడుమ ఒకే ఒక్క బజారు. పడవలొస్తే ఐసు ఫ్యాక్టరీ నుంచి బట్టల కొట్టు దాకా అందరికీ బేరం. రాకపోతే ఊరు ఊరంతా ఈగలు తోలుకోవడమే. ఆ మునిసిపాలిటీలో ఇళ్ల గోడల మీద నంబర్లు రాసేవాణ్ణి. కమిషనర్‌గా చేశానన్న మాట కూడా ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను.

నేను అద్దెకున్న ఇంటామె ఎండుచేపలు అమ్మేది. ఒకరోజు పొద్దున ఈదురుగాలి వీస్తోంది. ఆమె గడపలో నిలబడి సముద్రం వైపే చూస్తోంది.

"అన్న ఏడి అక్కా?" అన్నాను.

"యాటకెళ్లాడు బాబూ. నిన్ననే రావాల్సినోడు."

మా దిక్కున యాట అంటే మేక. నాకు అప్పుడే మసాలా వాసన తగిలింది.

"గంతేనా! ఫికర్ చేయకు. మంచి యాట దొరకాలె గదా! తలకాయ కూర మాత్రం నాకే పెట్టాలె."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. పక్కింటి ముసలాయన నా మీద లేచాడు. "ఏం మనిషివయ్యా! యాటంటే చేపల వేట. ఆడు సముద్రం మీదున్నాడు!"

ఆమె ఒడ్డుకు పోతే వెనకే పోయి నిలబడ్డాను. మధ్యాహ్నం దాటాక, తెరచాప చినిగిన పడవొకటి కనబడింది.

అలల్లోకి దూకి ఆ పడవను ఒంటిచేత్తో లాగానని మా చర్చి వాకిట్లో ఎన్ని ఆదివారాలు చెప్పానో! ఊరంతా తాడు పట్టింది. నాకు దొరికింది కొస. అది పట్టుకుని నేను చేసిన పని ఏడవడం.

అన్న దిగాడు. ఆమె ఏడుస్తూనే ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన తడిబట్టలతోనే పగలబడి నవ్వాడు.

"ఏం బాబూ, యాట తలకాయ అడిగావంట!"

ఆ సాయంత్రం చేప తలకాయ పులుసు నా కంచంలోనే వేశారు.

ఇప్పటికీ ఇక్కడ మటన్ కొట్టాయన "లేత యాట, పెద్దయ్యా!" అని పిలిస్తే, "మంచిగ తిరిగొచ్చిండా?" అనేస్తాను. నాకు మతి తప్పిందనుకుని ఆయన ఒక ముక్క ఎక్కువే వేస్తాడు. ఆ ఒక్కటి మాత్రం నేను సరిదిద్దలేదు.