ఏడుకొండల సామి పేరు

మొన్న పెన్షన్ పని మీద ఆదోనిలో బ్యాంకుకు వెళితే, నా పక్కన కూర్చున్న పొదుపు సంఘం అమ్మాయి, ఆధార్ కార్డు ఇంట్లో మరిచిపోయినందుకు కాబోలు, భర్తకు ఫోన్ చేసి పేరు పెట్టి పిలిచి మరీ చీవాట్లు వేసింది. బ్యాంకంతా విన్నది, ఒక్కరూ తల తిప్పలేదు. నాకు మాత్రం కలుక్కుమన్నది. మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని ఆ రోజుల్లో ఎంత భయమో, మన వయసు వాళ్లకు చెప్పనక్కరలేదు.

ఎనభైల్లో డ్వాక్రా మా వైపు వచ్చిన కొత్తలో నేను గ్రామసేవికను. కోస్తాలో పుట్టినదాన్ని, పెళ్లి కానిదాన్ని, ఆదోనిలో జిన్నింగు మిల్లు వెనక ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే బస్సెక్కి పెద్దకడుబూరు వైపు పల్లెలకు పోయి, పదిహేను మంది ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టడానికి గొంతు చించుకునేదాన్ని. సాయంత్రం గదికి చేరితే పలకరించే దిక్కుండేది కాదు. దాన్ని ఒంటరితనం అంటారని కూడా తెలియక, ఉద్యోగమంటే ఇంతే కాబోలనుకునేదాన్ని.

ఆ పల్లెల్లో ఒకదానిలో నన్ను సొంతమనిషిలా చూసినది ఒక్క ఆవిడే. నాకంటే నాలుగేళ్లు పెద్ద కనుక అక్కా అనేదాన్ని. జొన్నరొట్టెలో చెనిక్కాయల పొడి వేసిచ్చి, తినేదాకా కదలనిచ్చేది కాదు. పిల్లలు లేరు. భర్త బొంబాయి వైపు పనికి పోయి మూడేళ్లు, ఉగాదికి మాత్రం ఎవరో ఒకరితో కబురంపేవాడు. అన్నగారు వచ్చి తీసుకుపోతానంటున్నాడు గానీ, వదిన పంచన బతకడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. సంఘంలో చేరితే నాలుగు మేకలొస్తాయి, ఆయన వచ్చేదాకా తన గుడిసెలోనే ఉండొచ్చు. ఆశంతా అదే.

ఫారంలో భర్త పేరు రాసే గడి దగ్గర అందరూ ముసిముసిగా నవ్వుకుంటూ పక్కవాళ్ల చేత చెప్పించారు. అక్క వంతు వచ్చేసరికి బోరింగు దగ్గర నీళ్లకు వేళయిందని అంతా లేచిపోయారు, చెప్పేవాళ్లు లేరు.

"ఏడుకొండలెక్కి కూసున్నాడు సూడమ్మా, ఆ సామి పేరే" అన్నది.

నేను మహా తెలివిగా వెంకటేశ్వర్లు అని రాసుకున్నాను. ఆ కన్నడ సరిహద్దు పల్లెల్లో ఏడుకొండల సామిని తిమ్మప్ప అంటారని నా కోస్తా బుర్రకు ఎక్కడ తట్టింది!

బ్యాంకులో పట్టుకున్నారు. రేషన్ కార్డులో ఒక పేరు, ఫారంలో ఇంకొక పేరు. తప్పు నాదంటే మేనేజరు వినలేదు, ఆమె నోటితోనే చెప్పాలన్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుని నిలబడింది. తక్కినవాళ్లు కాచుకుని ఉన్నారు, ఊరి బస్సుకు టైమవుతున్నది, ఎవరికో కాదు, నాకే విసుగొచ్చింది.

"ఒక్కసారి అనేస్తే ఏం పోతుందక్కా?" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి, వినీ వినపడకుండా, "తిమ్మప్ప" అన్నది.

మేకలొచ్చాయి. ఉగాదికి కబురు రాలేదు. మరుసటి ఉగాదికీ రాలేదు. ఒకరోజు నాకు రొట్టె పెడుతూనే, "నా నోటితో నేనే పోగొట్టుకుంటినమ్మా" అన్నది. నన్ను ఒక్క మాట అనలేదు, అన్నా బాగుండేది.

తరువాత నాకు ఎమ్మిగనూరు బదిలీ అయింది. అక్కడి బస్టాండులో అక్క ఊరి మనిషే ఒకడు, బొంబాయి వైపు ఆమె భర్తతో కలిసి పనిచేసినవాడు, కనిపించి చెప్పాడు. మేము బ్యాంకుకు పోయిన చలికాలానికి ముందటి వానల్లోనే, కడుతున్న మేడ మీద నుంచి జారిపడి ఆయన పోయాడట. ఊరికి వచ్చి ఆ మాట చెప్పే ధైర్యం చాలక ఇన్నాళ్లూ దాచాడట. అంటే అక్క ఆ పేరు పలికేనాటికే మనిషి లేడు. ఈ సంగతి చెబితే ఆమె గుండెల మీది బరువు దిగిపోతుంది, కానీ అదే మాటతో నుదుటి బొట్టూ చేతి గాజులూ పోతాయి. చెబుదామని రెండుసార్లు బయలుదేరాను. మొదటిసారి దారిలోనే దిగి వెనక్కి వచ్చాను. రెండోసారి గుడిసె దాకా వెళ్లాను, మేకలను తోలుకొస్తున్న ఆమె ముఖాన రూపాయంత కుంకుమ చూసి, బాగోగులు అడిగి, ఆమె పెట్టిన రొట్టె తిని వచ్చేశాను.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ముత్తయిదువగా పోయిందని ఊరంతా గొప్పగా చెప్పుకున్నారట. ఇప్పటి ఆడవాళ్లు బ్యాంకులో మొగుడి పేరే కాదు, మేనేజరును కూడా పేరు పెట్టి నిలదీస్తున్నారు. మంచిదే, మేము పల్లెపల్లెకూ తిరిగి గొంతు చించుకున్నది అందుకే. కానీ పలకరించే దిక్కు లేని సాయంత్రాలు నాకు ఇప్పటికీ తప్పలేదు, అప్పుడు ఆమే గుర్తుకొస్తుంది. ఆమె చేత ఒక్క మాట అనిపించడానికి అంత తొందరపడిన నేను, నా నోటితో చెప్పవలసిన ఒక్క మాట చెప్పలేకపోయాను. మొగుణ్ణి తానే పోగొట్టుకున్నాననుకుంటూనే పోయింది అక్క.